పందేనికి నాన్నగారి బండా, నకలు బండా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా నాన్నగారు పశువుల డాక్టరు. 1968లో బుల్లెట్ 350 కొని, గుమ్మ, సెరంగో వైపు కొండ ఊళ్లన్నీ ముప్పై ఏళ్లు దాని మీదే తిరిగారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆర్‌సీ పుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఇంజను, ఛాసిస్, ట్యాంకు, దాని మీది బంగారు గీతలు అన్నీ మొదటివే. ట్యాంకుకు కుడివైపు ఒక సొట్ట మాత్రం ఉంది. నాకు పాత మోటారు సైకిళ్ల పందేలంటే చిన్నప్పటి నుంచి పిచ్చి. ఈ బండినే తేలిక చేయించి ట్రాకు మీదికి తీసుకెళ్లాలని ఆశ. మా మేస్త్రీ మాత్రం, దీని జోలికి పోవద్దు, విడిభాగాలు పోగుచేసి అచ్చం ఇలాంటిదే ఇంకొకటి కడదాం అంటున్నాడు. ఆ కొత్తదానికి నాన్నగారి బండి నంబరే కొట్టిస్తే గొడవే ఉండదని మా బావ సలహా. మా చిన్నాన్న అంతా విని, "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది మీ వ్యవహారం" అని లేచి వెళ్లిపోయారు. నకలు బండితో పందెంలో దిగడం మోసమా? నన్నేం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నలుగురు మాట్లాడుతున్నారు. ముందు మీ బావగారిని పక్కన కూర్చోబెడదాం. మిమ్మల్ని పోలీసు స్టేషను మెట్లెక్కించే సలహా ఆయనదొక్కటే.

ఛాసిస్ మీద, ఇంజను మీద కొట్టిన అంకెలు బండికి పుట్టుమచ్చల వంటివి. వాటిని చెరిపి మరోచోట కొట్టించడం చట్టం కంట్లో దొంగబండికి చేసే పని. మీ మనసులో దొంగతనం లేదని అంకెలు చూసే అధికారికి తెలియదు. ఈ సంగతి అలా ఉంచి ఇరవై ఏళ్లు ముందుకు వెళ్లి చూడండి. ఒకే నంబరుతో రెండు బుల్లెట్లు. మీరు పక్కన లేరు. మీ పిల్లల్లో ఒకరు ఒకదాన్ని, ఇంకొకరు రెండోదాన్ని పట్టుకుని "తాతగారి బండి నాది" అంటారు. ఇద్దరూ అబద్ధమాడరు. అబద్ధం మీరే ఆడి, వాళ్ల చేతికి ఇచ్చి వెళ్లారు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. పాత పందెపు కార్ల లోకంలో ఇలాంటి తగవులు కొల్లలు. ఒక కారు ఎప్పుడో గుద్దుకుని ఛాసిస్ వంకరపోతుంది. యజమాని కొత్త ఛాసిస్ వేయించుకుని పందేలు ఆడుతూనే ఉంటాడు. వంకర ఛాసిస్ షెడ్డు వెనక తుప్పు పడుతూ పడి ఉంటుంది. పాత కార్ల ధరలు ఆకాశానికి ఎక్కిన రోజుల్లో ఎవరో దాన్ని తవ్వి తీసి, తిన్నగా కొట్టించి, దాని చుట్టూ కారు కట్టేస్తారు. ఇక ఒకే పేరుకు ఇద్దరు వారసులు. ఒకరి దగ్గర అసలు ఇనుము ఉంటుంది, మరొకరి దగ్గర తెగని చరిత్ర ఉంటుంది. వకీళ్లకు పండగ.

ఇప్పుడు మీ చిన్నాన్నగారు. ఆయన మాటలో సగం నిజముంది. అయితే ఆ నక్క చేసిన తప్పు ఏమిటంటారు? వాత పెట్టుకోవడమా, వాత పెట్టుకుని తాను పులినని అనుకోవడమా? నా మటుకు రెండోదే తప్పు. ఒంటి మీద చారలున్న నక్కనని చెప్పుకుని తిరిగితే దాన్ని చూసి నవ్వుకోవచ్చు గాని మోసగత్తె అనలేం.

మనం ఒడిశాలో ఉన్న తెలుగువాళ్లం కాబట్టి ఈ అసలు, నకలు గొడవ మనకు ఇంకొకరు నేర్పనక్కరలేదు. పూరీ రథాలు ఏటా కొత్తవి. అక్షయ తృతీయ నాడు పని మొదలవుతుంది, రథయాత్ర నాటికి మూడు రథాలు లేస్తాయి. జగన్నాథుడి నందిఘోషకు పదహారు చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి పద్నాలుగు, సుభద్ర దర్పదళనకు పన్నెండు. యాత్ర అయ్యాక విప్పేస్తారు. ఆ కలపలో చాలా భాగం గుడి వంటశాల పొయ్యిలోకి పోతుంది. దాదాపు అంతా కొత్త కలపతో లేచిన ఆ రథాన్ని చూసి "ఇది నందిఘోష కాదు, నకలు" అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అంతెందుకు, నవకళేబరంలో మూలవిరాట్టులనే కొత్త వేపమానుతో చెక్కుతారు. 1996లో జరిగింది, 2015లో జరిగింది. లోపలి బ్రహ్మపదార్థం ఒక్కటే పాత దేహం నుంచి కొత్త దేహంలోకి వెళుతుంది.

అదే మనిషి పూరీ నుంచి గంట ప్రయాణం చేసి కోణార్కుకు వెళతాడు. అక్కడ ఇరవై నాలుగు రాతి చక్రాలున్నాయి. పదమూడో శతాబ్దపు ఉలి దెబ్బలు వాటి మీద ఉన్నాయి. ఆ చక్రాల్లో ఒకటి అరిగిందని దాన్ని తీసేసి భువనేశ్వరంలో చెక్కించిన కొత్త చక్రం పెడితే ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. చెక్కడాలు రాలిపోయిన చోట్ల పురాతత్వ శాఖ నున్నటి రాళ్లు పెట్టింది. చూడటానికి వెలితిగా ఉంటుందని జనం సణుగుతారు. నాకూ మొదటిసారి చూసినప్పుడు అలాగే అనిపించింది. కానీ ఆ నున్నటి రాయి ఒక మర్యాద పాటిస్తోంది: నేను కొత్తదాన్ని, పాతదాని చోట ఉన్నాను, అంతే అంటోంది.

కొన్ని వస్తువుల ప్రాణం రూపంలో ఉంటుంది, కొన్నిటి ప్రాణం ఆ పదార్థంలోనే ఉంటుంది. కొలతలు, పద్ధతి, చేసే చేతులు తప్పకపోతే రథం రథమే. కోణార్కు చక్రం మాత్రం ఆ రాయే కావాలి. పందెపు బండి ఈ రెండింటి మధ్యలో ఇరుక్కుంది. అందుకే దాని మీద ఇన్ని వాదాలు. పరిగెత్తాలంటే పిస్టను మార్చాలి, టైరు మార్చాలి, విరిగిన రాడ్డు మార్చాలి. మార్చకుండా ఉంచితే అది బొమ్మ. అన్నీ మార్చుకుంటూ పోతే ఏనాటికి అది పాతబండి కాకుండా పోతుంది?

ఈ ప్రశ్న 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ కారు 1929లోను, 1930లోను ఫ్రాన్సులో లెమాన్ ఇరవై నాలుగు గంటల పందెం గెలిచింది. తరవాత కొన్నాళ్లకు దానికి వేరే ఛాసిస్, పెద్ద ఇంజను, వేరే బాడీ వచ్చాయి. కోటి పౌండ్లకు బేరం కుదిరాక, ఇది అసలు కారు కాదని కొనేవాళ్లు అడ్డం తిరిగారు. 1929 నాటి ఇనుము దానిలో కొద్దిగానే మిగిలిందని న్యాయమూర్తి ఒప్పుకున్నారు. కానీ ఆ కారు ఏనాడూ మాయమై మళ్లీ పుట్టలేదు, ఒక మార్పు తరవాత ఇంకో మార్పుతో జీవితం తెగకుండా సాగింది, కాబట్టి 'ఓల్డ్ నంబర్ వన్' అని పిలిపించుకునే హక్కు దానికి ఉందని తీర్పు చెప్పారు. అమ్మినాయన గెలిచాడు. నాకు ఈ తీర్పు నచ్చుతుంది. పర్లాకిమిడి మేస్త్రీకి కూడా అర్థమయ్యే తర్కం అది.

ఇక మీరు అసలు అడిగింది: పందేల్లో నకళ్లు ఆడటం.

ఇంగ్లండులో గుడ్‌వుడ్ అని ఒక ట్రాకు ఉంది. యుద్ధకాలపు విమానాశ్రయం చుట్టూ ఉన్న దారి మీద 1948లో పందేలు మొదలుపెట్టారు. కార్ల వేగాలు ఆ ట్రాకుకు మించిపోయాక 1966లో ఆపేశారు. 1998లో రివైవల్ పేరుతో మళ్లీ తెరిచి, ఆ పద్దెనిమిదేళ్ల నాటి రకాల బండ్లనే పరిగెత్తిస్తున్నారు. మా తరానికి ఇది వింత కాదు. మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల దారి మీద దశాబ్దాల పాటు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకు కట్టేదాకా పందెమంటే షోలవరమే. బరంపురం స్టేషన్లో మద్రాసు మెయిలెక్కి, నిలబడే ప్రయాణం చేసి, ఆ సిమెంటు దారి పక్కన ఎండలో మాడిన వాళ్లలో నేనొకణ్ణి. అక్కడ ఫియటు, స్టాండర్డ్ హెరాల్డు ఇంజన్లు పెట్టి సొంతంగా కట్టుకున్న బండ్లు పరిగెత్తేవి. వాటిలో అసలేది, నకలేది అని అడిగితే మమ్మల్ని పిచ్చివాళ్లనుకునేవారు. రాత్రికి రాత్రి ఒక బండి గేరుబాక్సు ఇంకో బండిలోకి ఎక్కేది. ఆనాటి ఏ పందెగాడికీ తన బండి మ్యూజియంలో చేరుతుందన్న ధ్యాస లేదు.

ధ్యాస డబ్బుతో వచ్చింది. ఫెరారీ 250 జీటీఓ అనే కార్లు 1962 నుంచి 1964 వరకు చేసినవి ముప్పై ఆరే. 2018లో వాటిలో ఒకటి వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన మూడు వందల కోట్ల రూపాయలు దాటిన మాట. అంత ఖరీదు చేసే ఇనుమును మలుపులో ఇంకొకడు వచ్చి తగిలిస్తాడేమో అన్న భయంతో నడిపేవాడు ఎలా నడుపుతాడు? పెళ్లి ఊరేగింపులో నడిపినట్టు నడుపుతాడు. అందుకని కొందరు అసలుదాన్ని ఇంట్లో తాళం వేసి, దాని ప్రతి కొలతా తీసి చేయించిన నకలును ట్రాకు మీదికి తెస్తారు. అమెరికన్ కోబ్రా కార్ల కథ మరీ విడ్డూరం. అసలువి వెయ్యి లోపే. నకళ్లు దానికి ఎన్నో రెట్లు. అసలు కంటే వడ్డీ ముద్దు అని ఊరికే అనలేదు మనవాళ్లు.

తయారు చేసిన కంపెనీయే యాభై ఏళ్ల తరవాత మళ్లీ చేస్తే దాన్నేమనాలి? జాగ్వార్ 1963లో తేలిక ఈ-టైపు కార్లకు పద్దెనిమిది నంబర్లు కేటాయించుకుని పన్నెండే కట్టింది. మిగిలిన ఆరు నంబర్లు పుస్తకంలో అలాగే ఉండిపోయాయి. 2014లో ఆ ఆరూ కడతామని ప్రకటించి కట్టింది. కంపెనీ అదే, నంబరు అప్పటిదే, అల్యూమినియం మాత్రం నిన్నటిది. దీన్ని కొనసాగింపు బండి అంటున్నారు. నా ఉద్దేశంలో ఇది కొంచెం గడుసు పేరు. మంచి నకలు అని చెప్పుకుంటే వాళ్ల గౌరవం తగ్గేది కాదు.

పందేలు నడిపేవాళ్లు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో మీకు పనికొస్తుంది. కార్ల విషయంలో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ పాత పందెపు బండ్లకు ఒక సాంకేతిక పత్రం ఇస్తుంది. ఈ బండి కొలతలు, భాగాలు, పనితీరు ఫలానా కాలపు నియమాలకు సరిపోతున్నాయని అది చెబుతుంది. ఈ బండే ఆనాడు ఫలానా చోట పరిగెత్తిన బండి అని మాత్రం పూచీ పడదు. పందెం ఆడే అర్హతను, చరిత్ర గల బండి అనిపించుకునే గౌరవాన్ని విడదీశారన్నమాట. కచ్చితంగా కట్టిన నకలుకు మొదటిది దక్కవచ్చు. రెండోది ఏ కాగితంతోనూ దక్కదు. పైపైన ఆకారం పోలి, లోపల కొత్తకాలపు ఇంజను ఉన్నవాటికి రెండూ దక్కవు. మోటారు సైకిళ్లలోనూ ఇదే పరిస్థితి. మాంక్స్ నార్టన్ అనే ఇంగ్లీషు పందెపు మోటారు సైకిళ్ల తయారీ 1960ల మొదట్లోనే ఆగిపోయింది. ఇవాళ పాతబండ్ల పందేల్లో ఆ పేరుతో గర్జించే వాటిలో చాలా వాటి ఇంజన్లు, ఫ్రేములు ఈమధ్య పోతపోసి, వెల్డింగు చేసినవే. చూసేవాళ్లకు తెలుసు, ఆడేవాళ్లకు తెలుసు. ఎవరూ మోసపోవడం లేదు.

అయినా నకళ్ల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. అది మోసం గురించి కాదు, వేగం గురించి. కొత్త ఇనుముతో, కంప్యూటర్ లేతు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిన భాగాలతో కట్టిన నకలు, అసలుకన్నా గట్టిగా ఉంటుంది, దాని ఇంజను నిమిషానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. పైగా నడిపేవాడికి పోయేదేమీ లేదు, విరిగితే ఇంకొకటి చేయించుకుంటాడు. అరవై ఏళ్ల ఇనుము మీద కూర్చున్నవాడు బ్రేకు వేసే చోట వీడు ఇంకో పదిగజాలు దూసుకుపోతాడు. నాలుగు పందేలు అలా ఓడాక అసలు బండి యజమాని ఇంటికి పోతాడు. చివరకు పాతబండ్ల పందెంలో పాతబండ్లే ఉండవు. నకలు ఆడేవాడు ఈ సంగతి ఎరిగి ఆడాలి. పక్కన అసలు బండి ఉంటే దానికి దారి ఇవ్వడంలో చిన్నతనం లేదు. ఇంటికి వచ్చిన పెద్దవాళ్లకు కుర్చీ ఇస్తాం కదా.

ఇప్పుడు మీ నాన్నగారి బుల్లెట్టు. దాన్ని పందేనికి వద్దనడానికి కారణం నలుగురూ చెప్పే కారణం కాదు. విలువ తగ్గుతుందనో, విరుగుతుందనో నేను అనడం లేదు. పందేలాడిన బండి మళ్లీ పందెమాడితే నాకు సంతోషం. అది విరిగితే ఆ విరగడం కూడా దాని కథలో భాగమే, బెంట్లీలో చూశాం. కానీ మీ నాన్నగారి బండి ఏనాడూ పందెమాడలేదు. దాని చరిత్ర వేరు. గాలికుంటు వ్యాధి వచ్చిన ఊళ్లకు మందు పెట్టె కట్టుకుని ఘాటీ ఎక్కిన బండి అది. మీరు దాని మడ్‌గార్డులు కోయించి, హ్యాండిలు కిందికి దింపి, సీటు వెనక్కి జరిపి, సైలెన్సరు మార్చి పందెపు బండిగా చేస్తే ఏమవుతుంది? అప్పుడు నిజంగా నకలు తయారవుతుంది. ఎన్నడూ లేని పందెపు బండికి నకలు, అదీ అసలు ఇనుముతో చేసిన నకలు! మేస్త్రీ కట్టే బండి దానికన్నా నిజాయితీ గలది. పందేనికే పుట్టి, పందెమే ఆడుతుంది గనుక తన మట్టుకు తాను అసలైన పందెపు బండే.

అందుకని నా ఓటు మీ మేస్త్రీకి. అతని దగ్గర మంచి బుద్ధి ఉంది, వదులుకోకండి.

బంగారు గీతల మాట చదివి నా గుండె కలుక్కుమంది. మా మామగారు నాకు ఇచ్చిన బుల్లెట్టుకు కూడా అలాంటి గీతలే ఉండేవి. సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి, చేత్తో గీసినవి. రంగు వెలిసిందని ఒక పెయింటింగు షెడ్డులో ఇచ్చాను. సాయంత్రం వెళ్లేసరికి కుర్రవాడు ఉప్పుకాగితంతో ఇనుము తేలేదాకా గీకేసి, నా వంక గర్వంగా చూశాడు. తప్పు అతనిది కాదు, చెప్పకుండా ఇచ్చిన నాది. కొత్త రంగు అద్దంలా మెరిసింది. స్టిక్కరు గీతలు తిన్నగా, ఏ వణుకూ లేకుండా ఉన్నాయి. ఆ బండి తరవాత పదేళ్లు నా దగ్గర ఉంది గాని మా మామగారి బండిలా మళ్లీ ఎన్నడూ అనిపించలేదు. మీరు ట్యాంకును మెత్తని గుడ్డతో తుడవండి, మైనం రాయండి, లోపల తుప్పుంటే తీయించండి. బయట రంగు ముట్టుకోవద్దు.

నకలు కట్టేటప్పుడు మీ మేస్త్రీకి తెలిసే ఉండే రెండు మూడు సంగతులు మీకూ తెలియాలి. బుల్లెట్టు ఇంజను బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు. నిదానంగా, పొడుగు అడుగులు వేసే ఇంజను అది. ఎడ్లబండిని గుర్రబ్బండిగా మార్చాలంటే దానికి ప్రాణం మీదికి వస్తుంది. కనెక్టింగు రాడ్డు కింది కొసన రోలరు బేరింగు ఉండదు, తిరిగే బుష్ ఒకటి ఉంటుంది. నూనె అందినంతసేపు అది బంగారం. పందెంలో లాగినట్టు లాగి, నూనె చాలకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది. కాబట్టి గుర్రాల బలం పెంచే ముందు నూనె పంపు సంగతి చూడండి. పాత సిలిండరు దొరికితే ఇంతకుముందు ఎన్నిసార్లు బోరు చేశారో, అంటే లోపల కోసి వెడల్పు చేశారో, కొలిపించండి. గోడ పలచబడి ఉంటే లోపల స్లీవు, అంటే కొత్త గొట్టం, వేయించాలి. ఆకుకూర బేరమాడినట్టు ఇక్కడ బేరమాడకండి.

పాత ఫ్రేము కొంటే అతుకుల దగ్గర పగుళ్లు వెతకాలి. కంటికి కనిపించవు. రంగు గీకి, శుభ్రం చేసి, ఎర్రటి పలచని ద్రవం పూసి కాసేపు ఉంచి తుడిచేస్తారు. తరవాత తెల్లటి పొడి చల్లుతారు. పగులుంటే లోపలికి ఇంకిన ఎరుపు దారంలా బయటికి వస్తుంది. పెద్ద ఖర్చు కాదు. వైజాగులో ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా మాట వింటే ఫ్రేము, ముందు ఫోర్కు, చక్రాల ఇరుసులు మూడింటికీ చేయించండి. మీ నాన్నగారి బండికి కూడా ఒకసారి చేయిస్తే మంచిదే, అయితే రంగు గీకనక్కరలేని చోట్ల మాత్రమే. ఇక బ్రేకులు. డ్రమ్ము తీసేసి డిస్కు పెడదామని చేయి దురద పెడుతుంది. మీరు దిగబోయే తరగతి నియమాలు ముందు చదవండి. ఆనాటి బండ్ల తరగతిలో డిస్కు పెడితే గేటు దగ్గరే తిప్పి పంపుతారు.

ఆ ఇంజను, ఫ్రేము కొనేటప్పుడు వాటి నంబర్లు వాటికి ఉండనివ్వండి, అమ్మినవాడి దగ్గర కాగితం తీసుకోండి. పాత ఇనుప సామాన్ల కొట్లో కాగితం లేని ఇంజను సగం ధరకే వస్తుంది. ఆ మిగతా సగం ఎవరు కట్టాల్సి వస్తుందో చెప్పలేం.

ఇలా భాగాలు కూర్చి కట్టిన బండిని మీరు రోడ్డెక్కించలేరు. దానికి రిజిస్ట్రేషను ఉండదు. మినీ వ్యానులో వేసుకుని ట్రాకుకు తీసుకెళ్లి, వ్యానులోనే ఇంటికి తేవాలి. పందెం ఆడటానికి దేశంలోని మోటారు పందేల సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ వాళ్ల లైసెన్సు మీకు వేరే కావాలి. మన దేశంలో పాత బండ్లకు ట్రాకు పందేల కన్నా ప్రదర్శనలు, ర్యాలీలే ఎక్కువ కాబట్టి ఏ తరగతి ఎక్కడుందో కనుక్కున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి. ఈలోగా సాధన పేరుతో ఖాళీగా ఉన్న కాశీనగరం రోడ్డు మీద మిత్రులతో పోటీ పడాలన్న ఆలోచన వస్తే మానుకోండి. ప్రభుత్వ అనుమతి లేకుండా జనం తిరిగే చోట పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద జైలు కూడా పడవచ్చు. దాని కన్నా ముందు, ఆ రోడ్డు మీద ఆవులు, పిల్లలు, మన ముసలివాళ్లు నడుస్తారు.

మీ నాన్నగారి బండి కాగితాల సంగతి మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. యజమాని పోయాక వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలతో ఆర్టీఓ కార్యాలయంలో ఇవ్వాలి. మూడు నెలల గడువులో చేయాల్సిన పని, రెండేళ్లు దాటించారు. జరిమానా ఉంటే కట్టేయండి, తిట్లుంటే వినేయండి. ఆ తరవాత ఇంకో మెట్టు ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. మీది 1968 కాబట్టి వయసుకు లోటు లేదు. ఇంతకుముందే నంబరున్న బండ్లు తమ పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి 'వీఏ' అక్షరాలతో నంబరు వస్తుంది. కొత్తగా నమోదుకు రుసుము ఇరవై వేలు, పదేళ్ల తరవాత మళ్లీ చేయించుకోవడానికి ఐదు వేలు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి రూపం చెడగొట్టిన బండికి ఆ హోదా రాదు. మీరు తేలిక చేయించాలనుకున్నారే, ఆ ఒక్క పనితో అర్హత పోయేది. వింటేజ్‌గా నమోదయ్యాక దాన్ని రోజూ సంతకు వేసుకుపోవడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు మాత్రమే తీయాలి. మీకు ఆదివారాలు తిప్పుకోవాలని ఉంటే ఆ హోదా జోలికి పోకుండా మామూలు రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకోవడం మేలు. నేనైతే అదే చేస్తాను. నడవని ఇంజనులో సీళ్లు ఎండిపోతాయి, నూనె దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వారానికోసారి మహేంద్రతనయ వంతెన దాకా వెళ్లి టీ తాగి వచ్చినా దానికి చాలు.

మేస్త్రీ కట్టిన బండి పూర్తయ్యాక, దాని ఇంజను పక్కన చిన్న ఇత్తడి రేకు బిగించండి. ఫలానా ఏడు, పర్లాకిమిడిలో కట్టినది, కట్టినవాడి పేరు. మేస్త్రీ పేరు తప్పకుండా ఉండాలి. పందెపు దరఖాస్తులో నకలు అనే రాయండి. అసలు బండ్లకే పరిమితమైన పందెం అయితే వెళ్లకండి, బతిమాలకండి. మీ చిన్నాన్నగారిని మొదటి పందేనికి తీసుకెళ్లండి. ఆయన కోపం నకలు మీద కాదని, అన్నగారి బండిని ఎక్కడ కోసేస్తారోనని నాకు అనుమానం.

రెండు బండ్లకు రెండు పుస్తకాలు పెట్టండి. కొత్తదాని పుస్తకంలో ఏ భాగం ఎక్కడ కొన్నారు, ఎప్పుడు మార్చారు అన్నది రాస్తూ పోండి. నాన్నగారి బండి పుస్తకంలో ముందు రాయాల్సింది ట్యాంకు మీది సొట్ట గురించి. అది ఏ ఘాటీలో, ఏ వానలో, ఎవరి ఎద్దు అడ్డం వస్తే పడిందో మీరు ఉత్తరంలో రాయలేదు. మీ అమ్మగారికి తెలిసి ఉంటుంది, అడగండి. అంతవరకు ఆ సొట్టను తీయించకండి. అడిగాక కూడా తీయించకండి.